నాకు చదువుట ఇష్టము

గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి అను మూడు నదులు మన సిరొంచ తాలూకాను ఒరసికొని ప్రవహించుచున్నవి. నీటికి ఎల్లలు లేనట్లే ఇచ్చటి మాటకును ఎల్లలు లేవు. రేగుంటలోని బాలుడు ఉదయము ఇంటిలో తెలుగు మాటాడును. బడిదారిలో గోండు మిత్రుని నోట మాడియా మాట వినును. ఎస్.టి. బస్సు ఎక్కినచో కండక్టరుతో మరాఠీలో మాటాడవలసి వచ్చును. సాయంకాలము సినిమా పాటలో హిందీ వినును. పరీక్షకై ఆంగ్లము వల్లించును. పండ్రెండేండ్లు నిండకముందే ఐదు భాషల నడుమ నిలిచిన ఈ బిడ్డను చూచి కొందరు జాలిపడుదురు. మేము జాలిపడము. ఇది వానికి అప్రయత్నముగా లభించిన ఆస్తి. అయితే ఆస్తి ఉన్నంత మాత్రమున అనుభవమునకు రాదు. దానిని వాడుకొను నేర్పు కావలెను.

ఈ విషయమున మన తలిదండ్రుల నోట రెండు ప్రశ్నలు తరచుగా వినబడుచుండును. మొదటిది: "మా పిల్లవాడు ఇన్నేండ్లుగా మరాఠీ పాఠము చదువుచున్నాడు గదా, తహసీలు కచేరీకి తోడు తీసికొనిపోయినచో నాలుగు మాటలాడుటకు నోరు విప్పడేమి?" రెండవది: "పాఠ్యపుస్తకము తప్ప మరియొక పుస్తకమును ముట్టడేమి?" ఈ రెండును వేర్వేరు రోగములని తలచి మనము వేర్వేరు మందులు వాడుచున్నాము. మొదటిదానికి ట్యూషను, రెండవదానికి మందలింపు. కాని ఈ రెండింటికిని మూలము ఒక్కటే యని మా అభిప్రాయము. ఆ బిడ్డ నాలుకయు, కన్నును ఎల్లవేళల పరీక్షకు లోబడియున్నవి. నోరు విప్పిన తప్పు పట్టుదురు. పుస్తకము తెరచిన ప్రశ్న వేయుదురు. భయమున్నచోట మాట రాదు. నిర్బంధమున్నచోట చదువు రుచింపదు. ఇంటిలోను, బడిలోను దినమునకు కొంతసేపు ఈ రెండింటికిని విముక్తి కలిగించినచో ఒకదానివలన రెండవదియు బాగుపడును. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతే.

ముందుగా మన స్థితిని జ్ఞప్తికి తెచ్చుకొందము. చాందా జిల్లాలో భాగమై యుండిన మన తాలూకా 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు మధ్యప్రదేశమునుండి బొంబాయి రాష్ట్రమునకు వచ్చెను. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమున చేరెను. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడగా అందు భాగమయ్యెను. ఇన్ని మార్పులు కాగితములపై జరిగినను మన వాకిళ్ళలోని మాట మారలేదు. సిరొంచకును కాళేశ్వరమునకును నడుమ గోదావరిపై 2016లో వంతెన తెరువబడిన పిమ్మట ఆవలి ఒడ్డు మరింత దగ్గరయ్యెను. 2022 ఏప్రిలు మాసమున ప్రాణహిత పుష్కరములు జరిగినప్పుడు తెలుగువారును, మరాఠీవారును అవే నీళ్ళలో స్నానము చేసిరి.

అయినను మనము మహారాష్ట్ర పౌరులము. 1964 నాటి అధికార భాషల చట్టము ననుసరించి ఇచ్చటి ప్రభుత్వ వ్యవహారము మరాఠీలో నడచును. 2020లో చేసిన చట్టము ఈ రాష్ట్రములోని పాఠశాలలన్నిటను మరాఠీ బోధనను తప్పనిసరి గావించెను. తండ్రి పొలమునకు ఆధారమైన సాత్‌బారా పత్రము మరాఠీలో ఉండును. దానిని చదివి తండ్రికి చెప్పగల కొడుకో కూతురో ఇంటిలో లేనిచో, ఆ కుటుంబము తన భూమి సంగతి పరుల నోట వినవలసినదే. కాబట్టి మరాఠీ రాదని చెప్పుకొనుట మనకు గౌరవము కాదు; తెలుగు చదువరాదని చెప్పుకొనుట అంతకంటెను గౌరవము కాదు.

ఇక సంభాషణ సంగతి. మరాఠీ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న బాలిక బస్సు స్టాండులో "అహేరి బస్సు ఎప్పుడు వచ్చును?" అని అడుగుటకు వెనుకాడుట మనము చూచుచునే యున్నాము. ఇందు ఆశ్చర్యము లేదు. ఆమె కలమునకు అభ్యాసము కలదు, నాలుకకు లేదు. లెక్క వేసి చూడుడు. తరగతిలో నలువదిమంది పిల్లలు, నలువది నిమిషముల పాఠము. ఉపాధ్యాయుడు ఒక్క మాటయు మాటాడక, కాలమంతయు పిల్లలకే పంచి యిచ్చినను ఒక్కొక్కరికి ఒక్క నిమిషము దక్కును. ఈత నేర్చుకొనువానిని దినమునకు ఒక్క నిమిషము నీటిలో దింపినచో ఎన్నటికి ఈత వచ్చును?

పూర్తిగా పరాయిదైన భాషను మొదటినుండి నేర్చుకొనువారిని గమనించినచో మనకొక పాఠము దొరకును. స్పానిషు భాషను ఉదాహరణముగా తీసికొందము. అది ఇరువది దేశములకు అధికార భాష. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున దానిని బోధించుచున్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలలో పలువురు బడిలో దానినే రెండవ భాషగా తీసికొందురు. అట్టి విద్యార్థి మొదటి వారమున నేర్చునది వ్యాకరణము కాదు, కావ్యము కాదు. "ఓలా" అని పలుకరించుట, "కోమో తే యామాస్?" అని ఎదుటివాని పేరడుగుట, తన పేరు చెప్పుట. వీనితోపాటు మరి రెండు వాక్యములు నేర్చుకొనును: "నో ఎంతియెందో", అనగా నాకు అర్థము కాలేదు, "మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్", అనగా దయచేసి ఇంకను మెల్లగా.

ఈ చివరి రెండు వాక్యములే మిక్కిలి విలువైనవి. అర్థము కానప్పుడు ఏమి చెప్పవలెనో తెలిసినవాడు సంభాషణనుండి పారిపోడు. మన పిల్లలకు మరాఠీలో పాఠములు వచ్చును, పద్యములు వచ్చును. ఈ అక్కరకు వచ్చు వాక్యములు మాత్రము ఎవ్వరును నేర్పలేదు. అవి ఎక్కువ లేవు, నాలుగే:

"మలా సమజలే నాహీ." నాకు అర్థము కాలేదు.
"జరా హళూ బోలా." కొంచెము మెల్లగా మాటాడుడు.
"పరత్ సాంగా." మరల చెప్పుడు.
"యాలా మరాఠీత్ కాయ్ మ్హణతాత్?" దీనిని మరాఠీలో ఏమందురు?

ఈ నాలుగు వాక్యములు నోటికి వచ్చిన విద్యార్థికి తహసీలు కచేరీ గుమాస్తాయు, బస్సు కండక్టరును, సంతలోని వ్యాపారియు అందరును గురువులే. జీతము లేని గురువులు!

అదియునుగాక స్పానిషు నేర్చువానికి లేని సౌకర్యములు మరాఠీ నేర్చు తెలుగు బిడ్డకు ఎన్నియో కలవు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ అను వర్ణక్రమము రెండింటికిని ఒక్కటే. అక్షరముల రూపము నేర్చినచో చాలును, వరుస మరల నేర్వనక్కరలేదు. హిందీవారు పలుకుటకు కష్టపడు ళకారము మరాఠీ "శాళా"లో కలదు, మన "కళ"లోను కలదు. "చుక్క" అనునప్పుడు మనము పలుకు చకారమే మరాఠీ "చూక్" అను మాటలో వినబడును. ఆ మాటకు తప్పు అని అర్థము. అన్నిటికంటె వింతయైనది మరియొకటి కలదు. ఎదుటివానిని కలుపుకొనక చెప్పునప్పుడు మనము "మేము" అందుము. కలుపుకొని చెప్పునప్పుడు "మనము" అందుము. హిందీలో ఈ భేదము లేదు, ఆంగ్లములో లేదు, స్పానిషులోను లేదు. మరాఠీలో కలదు. "ఆమ్హీ" అనగా మేము. "ఆపణ్" అనగా మనము. ఈ సూక్ష్మమును అన్యులు పుస్తకము చూచి నేర్చుకొనవలెను. మన బిడ్డలు ఉగ్గుపాలతోనే నేర్చినారు.

పోలికలు ఉన్నట్లే చిక్కులును కలవు. మనము "అది" అను ఒక్క మాటతో చెప్పుదానిని మరాఠీవారు మూడు విధములుగా చెప్పుదురు: తే పుస్తక్, తీ శాళా, తో రస్తా. మరాఠీలో "రాగ్" అనగా కోపము, మన రాగము కాదు. "అభ్యాస్" అనగా పాఠములు చదువుకొనుట. "కాదంబరీ" అనగా నవల. మన పిల్లవాడు ఈ లింగములలో చాలకాలము తడబడును. తడబడనిండు. "తో శాళా" అన్నంత మాత్రమున వినువానికి బడి అని తెలియకపోదు. భావము చేరినప్పుడు లింగదోషమునకు నవ్వుటవలన ఏమి లాభము? మన ఇండ్లలోను, తరగతులలోను ఈ నవ్వు చేయు హాని బెత్తము చేయు హానికంటె తక్కువది కాదు. బెత్తపు దెబ్బ మరునాటికి మానును. పదిమంది నడుమ నవ్వులపాలైన పిల్లవాడు ఆ భాషలో ఏడాది వరకును నోరు విప్పడు.

ఆవలి ఒడ్డు చుట్టములు మన పిల్లల తెలుగును చూచి నవ్వుటయు కలదు. "మీది మరాఠీ కలిసిన తెలుగు" అందురు. కలిసినచో కలియనిండు. సరిహద్దున నివసించువారి భాషలో పొరుగు మాటలు చేరుట లోకసహజము. ఈ సందర్భమున గోండు బాలుర సంగతి కూడ మరువరాదు. వారి భాష మన తెలుగునకు తోబుట్టువు. వారు రెండును మూడును లెక్కించుట వినినచో మన రెండు, మూడు గుర్తునకు వచ్చును. మన మరాఠీని చూచి ఇతరులు నవ్వరాదని కోరు మనము, వారి తెలుగును చూచి నవ్వుట న్యాయము కాదు.

స్పానిషులో ఒక చిన్న వాక్యము కలదు: "మే గుస్తా లేఎర్." దీనినే మరాఠీలో "మలా వాచాయలా ఆవడతే" అందురు. తెలుగులో "నాకు చదువుట ఇష్టము." చూచితిరా, మూడు భాషలలోను వాక్యపు పోకడ ఒక్కటే. "నేను" అని మొదలు కాలేదు, "నాకు" అని మొదలైనది. ఇష్టము అనునది మనము చేయు పని కాదు, మనకు కలుగునది. "చదువుము" అని ఆజ్ఞాపింపవచ్చును. "ఇష్టపడుము" అని ఆజ్ఞాపించుట ఎవ్వరి తరము? ఇష్టము కలుగుటకు తగిన పరిస్థితులను కల్పించుట మాత్రమే పెద్దల చేతిలో ఉన్నది.

ఆ పరిస్థితులు ఎట్టివి? మన పూర్వానుభవమే చెప్పును. 1947 జూలైలో మద్రాసునుండి "చందమామ" వెలువడెను. నాగిరెడ్డి, చక్రపాణి దానిని స్థాపించిరి. 1952 మొదలు 1980లో తాను మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావు దాని రచనలను తీర్చిదిద్దెను. ఆ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు. కాని దానిని చదివిన తరము మన ఇండ్లలో తాతలు, అవ్వలై యున్నారు, అడిగి చూడుడు. సంచిక ఎప్పుడు వచ్చునా యని ఎదురు చూచితిమనియు, అన్నదమ్ములు కొట్లాడుకొని చదివితిమనియు వారు చెప్పుదురు. వారినెవ్వరు బలవంతపెట్టిరి? ఎవ్వరును లేరు. చిన్న వాక్యములు, రంగుల బొమ్మలు, తరువాత ఏమగునో అను ఆతురత. అన్నిటికిని మించి దానిపై పరీక్ష లేదు. ఆ పత్రికయే మరాఠీలో "చాందోబా" అను పేరుతో వెలువడెను. కథ ముందే తెలిసినవానికి పరభాష సగము తెలిసినట్లే. తెలియని మాట వచ్చినను కథయే దాని అర్థమును చెప్పును. ఈ ఉపాయము నేటికిని పనికివచ్చును.

కథల పుస్తకములు చదువుట కాలహరణమని కొందరు తలిదండ్రుల అభిప్రాయము. పాఠ్యపుస్తకము పరీక్షకు, పరీక్ష ఉద్యోగమునకు, కథ ఎందులకు? అని వారి వాదము. పేదరికమున బిడ్డను చదివించు తండ్రి ఇట్లు అడుగుట సహజమే. దానిని తేలికగా త్రోసివేయరాదు. మా సమాధానమిది. పాఠ్యపుస్తకము ఏడాది పొడుగున అవే పుటలు. వానిని మరల మరల చదివిన కంఠస్థము వచ్చును గాని వేగము రాదు. చదువులో వేగము అనేక పుటలు చదువుటవలననే వచ్చును. అనేక పుటలు చదువుట ఇష్టమున్నప్పుడే జరుగును. వేగముగా చదువగల బాలిక చరిత్ర ప్రశ్నపత్రమును, గణితములోని మాటల లెక్కను, తుదకు ఉద్యోగపు ప్రకటనను కూడ ఇతరులకంటె ముందుగా గ్రహించును. కావున కథ పరీక్షకు శత్రువు కాదు.

భాషకు ఆదరణ కరవైనప్పుడు చదువు దానిని నిలిపిన సంగతి మన పొరుగుననే జరిగినది. నిజాము రాజ్యమున బడులలో తెలుగునకు తగిన స్థానము లేని దినములలో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసెను. అవి బడులు కావు, గ్రంథాలయములు. ఎవ్వరికి నచ్చిన పుస్తకమును వారు తీసికొని చదివిరి. కృష్ణా కాలువలలో 1935లో పడవపై గ్రంథాలయమును నడపినవారు పాతూరి నాగభూషణము. పాఠకుడు పుస్తకము కడకు రాలేనిచో పుస్తకమే పాఠకుని కడకు పోవలెనని ఆయన భావము. మూడు నదుల నడుమ నున్న మనకు ఈ ఉదాహరణము చక్కగా నచ్చవలెను.

సముద్రముల కావల కూడ ఇట్టి కథయే నడచినది. ప్వెర్తోరికో ద్వీపమునుండి న్యూయార్కు నగరమునకు వలస వచ్చినవారి మాతృభాష స్పానిషు. బడిలోను, వీధిలోను ఆంగ్లము. ఆ ద్వీపమునుండియే వచ్చిన పురా బెల్ప్రే అను యువతి 1921లో నగర గ్రంథాలయమున ఉద్యోగమున చేరెను. అచ్చటి పిల్లల పుస్తకములలో తాను చిన్ననాట అవ్వ నోట వినిన కథలు ఒక్కటియు లేకుండుట ఆమె గమనించెను. అంతట తానే ఆ కథలను పిల్లలకు చెప్పసాగెను, స్పానిషులో చెప్పెను, ఆంగ్లములోను చెప్పెను, బొమ్మలాట ఆడించెను. పెరెస్ అను చిట్టెలుకకును, మార్తినా అను బొద్దింకకును పెండ్లియైన కథను 1932లో పుస్తకముగా ప్రకటించెను. గ్రంథాలయము మనది కాదని దూరముగా నుండిన తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిరి. ఇంటి భాషలో కథ వినిన పిల్లలు ఆంగ్ల పుస్తకములకును చేయి చాచిరి. 1996 మొదలు ఆమె పేర బాలసాహిత్యమునకు బహుమతి ఇచ్చుచున్నారు. ఆమె చేసిన పనికి ధనము కాదు, మొదట కావలసినది చెప్పుటకు ఒక కథ, వినుటకు ఒక గది.

మరాఠీవారిలోను ఇట్టి పుణ్యమూర్తి కలడు. సానే గురూజీ 1933లో నాసికు కారాగారమున "శ్యామ్‌చీ ఆయీ" అను గ్రంథమును వ్రాసెను. శ్యాముడు రాత్రివేళ తన మిత్రులకు తల్లిని గూర్చి కథలు చెప్పినట్లు ఆ పుస్తకము నడచును. మాటలు తేలికవి, భావము లోతైనది. మరాఠీలో మొదటి పెద్ద పుస్తకము ఏది చదువుదునని అడుగు విద్యార్థులకు మేము దీనినే చూపుదుము.

ఇచ్చట ఒక సందేహము తీర్పవలసియున్నది. తెలుగు పుస్తకములు ఎక్కువ చదివినచో మరాఠీ వెనుకబడదా? కొందరు తలిదండ్రులు ఈ భయముచేతనే బిడ్డలను తెలుగు బడినుండి తీసివేయుచున్నారు. వారి ఉద్దేశము మంచిదే. మార్గము సరియైనది కాదని మా నమ్మకము. చదువుటలోని నేర్పు ఒక భాషనుండి మరియొక భాషకు ప్రవహించునని కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ అను విద్యావేత్త 1979లో ప్రతిపాదించెను. ప్రాణహితలో ఈత నేర్చినవాడు ఇంద్రావతిలో మరల నేర్వనక్కరలేదు. అచ్చటి లోతును, వడిని తెలిసికొన్న చాలును. బిడ్డకు చదువు చెప్పుటకు ఉత్తమమైన సాధనము మాతృభాషయే యని యునెస్కో సంస్థ 1953లోనే ప్రకటించెను. మన రాజ్యాంగమున 1956లో చేర్చిన 350ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు చూడవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. పూనా నగరములోని బాలభారతి సంస్థ 1967లో స్థాపింపబడి ఎనిమిది భాషలలో పాఠ్యపుస్తకములు ప్రకటించుచున్నది. అందు తెలుగు ఒకటి. అనగా చట్టము మనకు అడ్డు కాదు. అయితే చట్టము బడికి హక్కు నీయగలదు గాని బిడ్డకు ఇష్టము నీయలేదు. తెలుగు చదువువారు లేనినాడు తెలుగు బడి ఎన్నాళ్ళు నిలుచును? హక్కు ఉండియు అనుభవించువారు లేక పోయినచో తప్పు ప్రభుత్వముదని చెప్పుటకు మనకు నోరుండదు.

కావున ఏమి చేయవలెను? గొప్ప పథకములు మేము చెప్పబోము. మన గ్రామములలో మన చేతనగునవే చెప్పుదుము.

తలిదండ్రులకు మా మనవి. దినమునకు పావుగంట మీ బిడ్డచేత తెలుగు కథను పైకి చదివించుకొని వినుడు. మీకు చదువు రాకపోయినను చింత లేదు. వంట చేయుచునో, తునికాకు కట్టలు కట్టుచునో వినవచ్చును. చదువురాని తల్లియే మంచి శ్రోత; ఏలయన ఆమె నిజముగా కథకొరకే వినును. చదువుట పూర్తియైన పిదప "ఇందలి నీతి యేమి?" అని అడుగకుడు, "తరువాత ఏమైనది?" అని అడుగుడు. మొదటి ప్రశ్న పరీక్ష, రెండవది ఆసక్తి. పుస్తకము నచ్చక సగములో విడిచిపెట్టినచో కోపింపకుడు. పాఠకునికి పది హక్కులు కలవని ఫ్రెంచి రచయితయు, ఉపాధ్యాయుడును అగు డేనియల్ పెన్నాక్ 1992లో వ్రాసెను; పుస్తకమును ముగింపకుండ విడిచిపెట్టుట అందు ఒకటి. ఇంటిలోని సెల్‌ఫోనును శత్రువుగా చూడనక్కరలేదు. బాలభారతివారు 1971నుండి నడపుచున్న "కిశోర్" అను మరాఠీ బాలల మాసపత్రిక పాత సంచికలు దానిలో ఉచితముగా దొరకును. ప్రథమ్ బుక్సువారి స్టోరీవీవర్‌లో తెలుగు, మరాఠీ, గోండి కథలు కలవు. ఒకే కథను నేడు తెలుగులోను, రేపు మరాఠీలోను చదువవచ్చును. పది నిమిషములు అట్లు వాడిన ఫోను పుస్తకమే.

ఉపాధ్యాయులకు మా మనవి. ప్రతి తరగతిలో ఒక రేకు పెట్టె, అందు నలువది చిన్న పుస్తకములు. తాళము వేయవలదు. పుస్తకము చిరుగునని భయపడి బీరువాలో దాచుటకంటె, చదువబడి చిరుగుట మేలు. ఇచ్చిపుచ్చుకొనుటకు ఒక నోటుపుస్తకము, దానికి ఒక విద్యార్థి అధికారి. వారమునకు రెండు మారులు పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టి పావుగంట మరాఠీలో మాటాడనిండు. ఒకడు దుకాణదారు, మరియొకడు కొనువాడు. ఒకతె వైద్యురాలు, మరియొకతె రోగి. అప్పుడు అందరి నాలుకలును ఒక్కసారిగా పనిచేయును. ఆ పావుగంటలో తప్పులు దిద్దవలదు. వ్రాసిపెట్టుకొని మరునాడు అందరికిని కలిపి చెప్పవచ్చును. తెలుగు మాట దొర్లినందులకు దండనము ఎన్నడును వలదు. ఒక భాషను నేర్పుటకు మరియొక భాషను అవమానింపనక్కరలేదు.

విద్యార్థులారా, మీకును పని కలదు. మీ ఇంటి అవ్వను కూర్చుండబెట్టి ఒక కథ చెప్పించుకొనుడు. దానిని ఆమె చెప్పినట్లే తెలుగులో వ్రాయుడు. మరాఠీ మాట వచ్చినచో దిద్దకుడు. అది మన ఊరి తెలుగు. పిదప దానినే మీకు వచ్చిన మరాఠీలో మీ మిత్రునికి చెప్పుడు. మాట తట్టనిచో "యాలా మరాఠీత్ కాయ్ మ్హణతాత్?" అని అడుగుడు. గోండు మిత్రుని అవ్వ కథను కూడ అట్లే తెచ్చుకొనుడు. వానిని గోడపత్రికపై అంటించినచో మన పాఠశాల గ్రంథాలయమునకు అదియే మొదటి నిధి. ఆ కథలు మరి ఏ ఊరి పుస్తకములలోను దొరకవు.

దినమునకు అరగంట: పావుగంట మాట, పావుగంట చదువు. దీనికి నిధులు అక్కరలేదు, ఉత్తరువులు అక్కరలేదు. ఒక్క సంవత్సరము ఇట్లు నడిపి చూడుడు. బస్సు స్టాండులో వెనుకాడని బాలికలును, పిలువకయే పుస్తకము తెరచు బాలురును మన రేగుంటలో, మన తాలూకాలో కనబడుదురని మా దృఢ విశ్వాసము. ఆనాడు "నీకేమి ఇష్టము?" అని ఎవరైన అడిగినచో మన బిడ్డ తడుముకొనక తెలుగులోను, మరాఠీలోను సమాధానము చెప్పును. ఆ సమాధానము ఆ బిడ్డది కావలెను గాని మనము వల్లింపజేసినది కారాదు.